పద్నాలుగో ప్రశ్నకు ఒకటి

బుధవారం ఉదయం పదకొండూ పదికి టీచర్ ట్రైనింగ్ కాలేజీలో, ఇంటర్న్‌షిప్ మీద ట్రైనీలు నింపిన ముప్పై నాలుగు తృప్తి పత్రాల లెక్క పూర్తయింది. ముప్పై మూడు పత్రాల్లో ఇరవై ప్రశ్నలకూ ఐదు దగ్గర టిక్కు ఉంది. ముప్పై నాలుగో దానిలో పంతొమ్మిది ఐదులు, ఒక ఒకటి ఉన్నాయి.

ఒకటి పడింది పద్నాలుగో ప్రశ్నకు. "మార్గదర్శక ఉపాధ్యాయులు నా పాఠాలను తరగతిలో కూర్చుని గమనించి సలహాలు ఇచ్చారు." ఐదంటే పూర్తిగా తృప్తి. ఒకటంటే అసలు లేదు.

పత్రం మీద పేరు రాయకూడదు. పేరు బదులు ఇంటర్న్‌షిప్ చేసిన స్కూలు, సబ్జెక్టు రాయాలి. ఒక స్కూలుకు ఒక సబ్జెక్టులో ఒక్కరినే పంపుతారు. ఆ పత్రం ఎవరిదో తెలుసుకోవడానికి ఇంటర్న్‌షిప్‌ల వ్యవహారం చూసే లెక్చరరుకు అర నిమిషం పట్టింది. పదకొండున్నరకు ఆమెను పిలిపించాడు.

ఆమెకు ముప్పై రెండేళ్లు. బ్యాచ్‌లో అందరికంటే పెద్దది కాబట్టి అందరూ వదిన అంటారు. కాలేజీలో చేరకముందు తొమ్మిదేళ్లు బట్టల షాపు కౌంటర్లో పని చేసింది. పదహారు వారాల ఇంటర్న్‌షిప్ కిందటి శనివారం ముగిసింది. ఏడో తరగతికి నలభై లెక్కల పాఠాలు చెప్పింది.

"కూర్చోమ్మా," అన్నాడు లెక్చరరు. పత్రం ఆమె వైపు తిప్పాడు. "ఇదేంటి?"

"ఒకటి సార్."

"ఒకటని నాకూ కనబడుతోంది. ఎందుకుందీ అని."

"మేడం ఒక్కరోజు కూడా క్లాసులోకి రాలేదు సార్."

లెక్చరరు పెన్ను మూత తీశాడు, పెట్టాడు.

"చెయ్యి జారింది. అంతే కదా?"

"ఐదుకీ ఒకటికీ మధ్య మూడు గళ్లున్నాయి సార్."

"బస్సులో రాశాననమ్మా. గతుకుల రోడ్డు."

ఆమె పత్రం నిజంగానే బస్సులో రాసింది. ఒకటి దగ్గర టిక్కు పెట్టేటప్పుడు బస్సు సిగ్నల్ దగ్గర ఆగి ఉంది.

లెక్చరరు సొరుగులోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. అవి ఆమె నలభై పరిశీలన పత్రాల నకళ్లు. ప్రతి దాని కింద 'తరగతిలో గమనించాను' అని అచ్చు వేసి ఉంటుంది. దాని పక్కన ఆమెకు మార్గదర్శకురాలైన లెక్కల మేడం సంతకం.

"ఆవిడ గమనించానంటోంది. నువ్వు గమనించలేదంటున్నావ్. రెండూ నా బల్ల మీదే ఉన్నాయి. నేను ఏది నమ్మాలి?"

"నిజం నమ్మండి సార్."

"నమ్మాననుకో. అప్పుడు నీ నలభై పాఠాలూ గమనించని పాఠాలు. గమనించని పాఠం లెక్కలోకి రాదు. రూల్లో ఉంది, కావాలంటే చదువుతా. ఆవిడకేమవుతుందో నాకు తెలీదు గానీ, నీ ఇంటర్న్‌షిప్ మాత్రం మళ్లీ ఒకటి నుంచి. నీ గొయ్యి నువ్వే తవ్వుకుని, కొలత సరిపోయిందా అని నన్ను అడుగుతున్నావ్."

ఇంటర్న్‌షిప్ పూర్తి చేసినవారి జాబితా శుక్రవారం సాయంత్రం ఐదుకు నోటీసు బోర్డు మీద పెట్టాలి. జాబితాలో నంబరున్నవాళ్లకే సర్టిఫికెట్టు. సర్టిఫికెట్టు తెస్తే ఒకటో తేదీ నుంచి చేర్చుకుంటామని ఒక స్కూలు ఆమెకు చెప్పి ఉంది.

లెక్చరరు ఒక తెల్లకాగితం అందించాడు. "పద్నాలుగో ప్రశ్నకు చెయ్యి జారి ఒకటి పెట్టాను, ఐదుగా చదువుకోగలరు. ఒక్క వాక్యం. శుక్రవారం లోపు."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

వరండాలో బ్యాచ్ లీడర్ ఎదురయ్యాడు. సంగతి అప్పటికే అతనికి తెలిసింది.

"వదినా, ఐదులు కొట్టి ఇంటికి పోక నీకెందుకీ గోల? మా సార్ నా క్లాసులో కూర్చునేవాడు. కూర్చున్న ఐదో నిమిషానికి నిద్ర. ఆయన గురక వినబడగానే పిల్లలు గుసగుసగా మాట్లాడేవాళ్లు. క్రమశిక్షణకు అంతకు మించిన సాధనం నేను చూళ్లేదు. ఐదు పెట్టా."

"నువ్వు పాఠం బాగా చెప్తావా?" అంది ఆమె.

"నలభై పత్రాల్లోనూ బాగుందనే ఉంది."

"పత్రం కాదు. నీకు తెలుసా, బాగా చెప్తావని?"

అతను మెడ గోక్కున్నాడు. "ఉద్యోగం వచ్చాక తెలుస్తుందిలే వదినా."

ఇంటికి వెళ్లేసరికి రెండున్నర. ఆమె తన దగ్గరున్న పరిశీలన పత్రాలను మంచం మీద వరసగా పేర్చింది. పదేసి చొప్పున నాలుగు వరసలు. లెక్కల మేడం ఈ నలభైకీ శనివారం మధ్యాహ్నం ఒకే కూర్చోవడంలో సంతకాలు పెట్టింది. అరగంట పట్టింది. ఒక్కో పత్రంలో ఒక్కో వాక్యం రాసింది. బాగుంది. చర్చ బాగా జరిగింది. ఉదాహరణలు బాగున్నాయి.

ఇరవై మూడో పత్రంలో 'బోర్డు వాడకం బాగుంది' అని ఉంది.

ఇరవై మూడో పాఠం చుట్టుకొలత. ఆ రోజు ఆమె పిల్లల్ని గ్రౌండులోకి తీసుకెళ్లింది. తాళ్లతో వాలీబాల్ కోర్టు కొలిపించింది. అక్కడ బోర్డు లేదు.

ఆ వాక్యం ఆమె శనివారం బస్సులో చదివింది. తృప్తి పత్రం అదే సంచిలో ఉంది. ఆమె దిగాల్సిన స్టాపుకు ఇంకా రెండు స్టాపులున్నాయి.

భర్త ఆరింటికి డ్యూటీ దిగి వచ్చాడు. అతను నీళ్ల సీసాల ఫ్యాక్టరీలో మెషీన్ ఆపరేటరు. మంచం మీద కూర్చోడానికి చోటు లేక గుమ్మంలో నిలబడి విన్నాడు.

"రాసిచ్చెయ్యరాదూ? చెయ్యి జారడం తప్పేం కాదు."

"జారలేదండీ."

"జారలేదని నీకూ నాకూ తెలుసు. కాగితానికి తెలుసా?"

"షాపులో నా వెనకాల సూపర్‌వైజరు ఉండేవాడు గుర్తుందా? చీర మడత వంకర పోతే అక్కడికక్కడే అరిచేవాడు."

"రోజూ ఇంటికొచ్చి వాడిని తిట్టేదానివి."

"తిట్టేదాన్ని. ఆర్నెల్లకు నా మడత ఎలా ఉందో నాకు తెలిసింది. ఇక్కడ నలభై పాఠాలు చెప్పాను. నాకు చెప్పడం వచ్చో రాదో ఈ భూమ్మీద ఒక్కరికీ తెలీదు. ఒకటో తేదీ నుంచి ఇంకో నలభై మంది పిల్లల్ని నా చేతిలో పెడతారు."

"పిల్లలకు తెలియదా?"

"పిల్లలు పాపం, ఎవరొచ్చినా టీచరే."

అతను కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. ఆమె పత్రాలు తీసి కట్ట కట్టింది. కూతురి హోంవర్కు చూసింది. కడిగిన గిన్నెలు మళ్లీ కడిగింది. కట్ట విప్పి ఇరవై మూడో పత్రం మళ్లీ చదివింది.

గురువారం ఎనిమిదీ యాభైకి ఆమె తాను ఇంటర్న్‌షిప్ చేసిన స్కూలు వరండాలో ఉంది.

లెక్కల మేడం వయసు యాభై ఆరు. ఆ స్కూల్లో రెండు పోస్టులు ఖాళీగా ఉండడంతో ఏడు, ఎనిమిది తరగతులు రెండూ ఆవిడే చూస్తుంది. ఒకే హాలును ప్లైవుడ్ అడ్డగోడతో రెండు గదులు చేశారు. ఇంటర్న్‌షిప్ ఉన్న పదహారు వారాలూ ఇటు ఏడులో ఈమె, అటు ఎనిమిదిలో ఆవిడ. ఇంటర్న్‌షిప్ అయిపోయాక ఈ వారం ఆవిడ మళ్లీ రెండు గదుల మధ్య వరండాలో నిలబడి, ఇటొక మాట అటొక మాట చెప్తోంది.

"ఏమ్మా, ఏదైనా మర్చిపోయావా?"

"ఇరవై మూడో పాఠం రోజు మేం గదిలో లేం మేడం."

"లేరా?"

"గ్రౌండులో ఉన్నాం. తాళ్లతో కోర్టు కొలిచాం."

మేడం చాక్‌పీసు చేతిలోంచి చేతిలోకి మార్చుకుంది. "అందుకా అంత నిశ్శబ్దం! బోర్డు మీద లెక్క రాయిస్తున్నావనుకున్నా. ఇంత బుద్ధిగా రాసుకుంటున్నారే అని మా ఎనిమిదో క్లాసు వాళ్లకు మిమ్మల్ని చూపించి నాలుగు చీవాట్లు కూడా పెట్టా."

"మీరు... వినేవారా మేడం?"

"వినకపోతే? ఆ చెక్క మందమెంత, వేలంత లేదు. పదహారు వారాలు నీ గొంతు నా చెవిలోనే ఉంది. రోజూ హాజరు పుస్తకం వెనక ఒక ముక్క రాసుకునేదాన్ని. శనివారం అవే ఎక్కించా."

మేడం గొంతు కూడా రోజూ ఇటు వినబడేది. తన గొంతు అటు వెళ్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"తొమ్మిదో పాఠంలో చర్చ బాగా జరిగిందని రాశారు. ఆ రోజు క్లాసులోకి పిల్లి దూరింది మేడం."

"పిల్లా?" మేడం ఏడో తరగతి వైపు చూసి, మళ్లీ ఈమె వైపు చూసింది. "వినడానికి చర్చలాగే ఉందమ్మా. నువ్వు కూడా మధ్యలో 'ఒక్కొక్కరూ, ఒక్కొక్కరూ' అన్నావు."

ఎనిమిదో తరగతిలో బెంచీ పడ్డ చప్పుడైంది. మేడం అటు వెళ్లి ఇద్దర్ని నిలబెట్టి వచ్చింది.

"ఇంకా వింటావా? 'అర్థమైందా' అని పీరియడ్‌కి ముప్పైసార్లు అంటావు. ఒకరోజు పని గట్టుకుని లెక్కపెట్టా. ముప్పై నాలుగు."

"మరి నాకు చెప్పలేదేం?"

"ఎప్పుడు చెప్పను? ఎప్పుడొచ్చి చూడను? నేను నీ వెనక బెంచీలో కూర్చుంటే వీళ్ల దగ్గర ఎవరుంటారు? నువ్వొచ్చాకే నేను కుర్చీలో కూర్చుని పాఠం చెప్పింది." మేడం గొంతు తగ్గించింది. "నీకు నేర్పమని పంపారు. నేను నిన్ను వాడుకున్నా. ఉన్న మాట."

అప్పుడు ఆమె పద్నాలుగో ప్రశ్న సంగతి, తెల్లకాగితం సంగతి చెప్పింది.

"ఒకటి పెట్టావా?"

"పెట్టాను మేడం."

"సున్నా లేదా అందులో?"

"లేదు మేడం. ఒకటే ఆఖరు."

మేడం రెండు గదుల్లోకీ చూసింది. "రాసిచ్చెయ్," అంది. "చెయ్యి జారిందని రాసిచ్చి సర్టిఫికెట్టు తీసుకో. నేనేమీ అనుకోను."

"ఒక్క పాఠం చూడండి. అప్పుడు రాసిస్తా."

"నీకు మతి పోయిందా? వీళ్లను ఎవరు చూస్తారని ఇప్పుడేగా చెప్పాను?"

గంట కొట్టారు. మేడం ఎనిమిదో తరగతిలోకి వెళ్లింది. ఆమె వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. పదిన్నర వరకూ నడుస్తూనే ఉంది. మూడుసార్లు గేటు దాకా వెళ్లి వచ్చింది.

పదిన్నరకు మేడం చేతిలో స్క్రూడ్రైవరుతో బయటికొచ్చింది. సైన్సు బీరువాలో దొరికిందట. అడ్డగోడలో ఐదు పలకలున్నాయి. అన్నిటికంటే వెనకనున్న పలకకు ఎనిమిది మరలు. ఆరు మేడం విప్పింది. రెండు తుప్పు పట్టి తిరగలేదు. అవి ఈమె విప్పింది.

హెడ్మాస్టరు అటుగా పోతూ ఆగాడు. "ఏంటి మేడం, గోడ పీకుతున్నారు?"

"గాలి రావట్లేదు సార్."

ఆయన సీలింగు ఫ్యాన్ వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

పలకను గోడకు ఆనించారు. ఆ సందుకు ఎదురుగా ఏడో తరగతి చివరి బెంచీ లాగారు. అక్కడ కూర్చుంటే బోర్డూ కనబడుతుంది, తల తిప్పితే ఎనిమిదో తరగతీ కనబడుతుంది. మేడం ఎనిమిదికి పది లెక్కలు ఇచ్చి వచ్చి అక్కడ కూర్చుంది.

పదకొండూ ఇరవైకి పాఠం మొదలైంది. భిన్నాల భాగాహారం. ముప్పావులో అరపావులు ఎన్ని?

ఆమె ఒక పొడుగు కాగితం తీసి సగానికి మడిచింది. దాన్ని మళ్లీ సగానికి, మళ్లీ సగానికి మడిచి విప్పింది. ఎనిమిది గళ్లు వచ్చాయి. అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. రెండు గళ్లు వెనక్కి మడిచి, మిగిలినవి లెక్కపెట్టమంది. ఆరన్నారు.

"అర్థ..." అని ఆగింది.

పిల్లలు చూశారు. రెండో బెంచీలో అమ్మాయి చెయ్యెత్తింది. "మైందా అనరా టీచర్?"

క్లాసంతా నవ్వింది. సందులోంచి ఎనిమిదో తరగతి కూడా నవ్వింది. మేడం తల ఎత్తలేదు. రాస్తూనే ఉంది.

పన్నెండుకు గంట కొట్టారు. పరిశీలన పత్రం ఒక వైపు నిండి, వెనక కూడా సగం దాకా నిండింది. ఆమె నిలబడే చదివింది. పదకొండు తప్పులకు అంకెలు వేసి ఉన్నాయి. ఒకటి, కుడి వైపు రెండు బెంచీలను నలభై నిమిషాల్లో ఒక్కసారి కూడా చూడలేదు. నాలుగు, జవాబు తెలిసిన నలుగురినే మార్చి మార్చి అడిగింది. ఏడు, తప్పు జవాబును వెంటనే తుడిచేసింది, ఆ పిల్లవాడికి ఆ జవాబు ఎలా వచ్చిందో అడగలేదు. పదకొండు తర్వాత అంకె లేకుండా ఇంకో వాక్యం ఉంది. 'కాగితం మడిచి చెప్పే పద్ధతి నాకు తెలియదు. రేపు ఎనిమిదిలో వాడతాను.'

ఆమె మొదటి నుంచి మళ్లీ చదివింది.

"చూశాను కదా," అంది మేడం. "ఇక రాసిచ్చెయ్."

ఆమె సంచిలోంచి తెల్లకాగితం తీసి మడతలు విప్పింది. చివరి బెంచీ మీద పెట్టి తేదీ వేసింది. 'పద్నాలుగో ప్రశ్నకు నా చెయ్యి' వరకూ రాసి పెన్ను ఎత్తింది.

"ఏమైంది?"

"రాయలేను మేడం."

"మాటిచ్చావు."

"ఇచ్చాను. ఒక్కరోజు కూర్చుంటే పదకొండు దొరికాయి. నలభై రోజులూ కూర్చుని ఉంటే?"

"నలభై పదకొండ్లు నాలుగు వందల నలభై. మూడోరోజే పారిపోయేదానివి."

"పారిపోయేదాన్ని కాదు."

మేడం కాగితం తన వైపు లాక్కుంది. రాసిన నాలుగు మాటలూ కొట్టేసింది. కింద రాసింది: 'ముప్పై తొమ్మిది పాఠాలు అడ్డగోడ ఇవతల నుంచి విన్నాను. తరగతిలో కూర్చుని చూడలేదు. ఇరవై మూడో పాఠం వినలేదు కూడా. ఈ రోజు ఒక పాఠం చూశాను.' సంతకం పెట్టి, టైము వేసింది. పన్నెండూ పది.

"మేడం, దీనివల్ల మీకు..."

"నాకేం చేస్తారు? ఇంకెప్పుడూ ట్రైనీని పంపరు. మళ్లీ వరండాలో నిలబడతా. ఇన్నేళ్లూ నిలబడలేదూ?"

శుక్రవారం నాలుగూ ఇరవైకి లెక్చరరు ఆ కాగితం చదివాడు. చదివి ఆమె వైపు చూశాడు.

"విన్నాను అనే గడి పత్రంలో లేదమ్మా."

"లేదు సార్."

"ఒక్క వాక్యం అడిగాను. నువ్వు నాకు రామాయణం పట్టుకొచ్చావు."

అతను రూల్సు పుస్తకం తీశాడు. ఒక పేజీలో వేలు పెట్టి, లెక్కల మేడంకు ఫోన్ చేశాడు. ఈ వైపు మాటలే ఆమెకు వినబడ్డాయి.

"అవునండీ, మీరు రాసిందే... ఒకటి మాత్రమే లెక్కలోకి వస్తుంది... ముప్పై తొమ్మిదీ మళ్లీ చెప్పాలి... మీరే కూర్చుంటారా? రోజూనా?... గోడ పీకేశారా?... సరే, నాకేం తెలీదు. ఆ ముక్క కూడా రాసి పంపండి."

ఫోన్ పెట్టి క్యాలెండరు చూశాడు. స్కూళ్లకు సెలవులు ఇచ్చేలోపు నలభై ఒక్క పనిదినాలున్నాయి. తృప్తి పత్రం ఆమెకు తిరిగి ఇచ్చాడు. ఇంటర్న్‌షిప్ పూర్తి కాలేదు కాబట్టి అది చెల్లదన్నాడు. పూర్తయ్యాక కొత్తది ఇస్తారు.

ఐదుకు నోటీసు బోర్డు మీద జాబితా పెట్టారు. అందులో ముప్పై మూడు నంబర్లున్నాయి.

శనివారం పదింటికి ఆమె తనకు ఉద్యోగం ఇస్తామన్న స్కూలుకు ఫోన్ చేసింది. ఒకటో తేదీ దాటితే పోస్టు ఆపలేమన్నారు. ఆమె సరేనంది. మాట్లాడింది రెండు నిమిషాలు.

"ఇప్పుడు తృప్తిగా ఉందా?" అన్నాడు భర్త.

"కొత్త పత్రం ఇస్తారట. అందులో రాస్తాను."

"ఈసారి బస్సులో రాయకు," అన్నాడు.

ఆదివారం ఆమె భిన్నాల పాఠం పాఠ్యపథకం మళ్లీ రాసింది. కుడి వైపు రెండు బెంచీల్లో ఎవరెవరు కూర్చుంటారో గుర్తు తెచ్చుకుని అంచున రాసుకుంది. ఒకరు గుర్తు రాలేదు.

సోమవారం తొమ్మిదీ ముప్పై ఐదుకు ఆమె ఏడో తరగతిలోకి వెళ్లింది. ప్లైవుడ్ పలక గోడకు ఆనించే ఉంది. మరలు చాక్‌పీసుల డబ్బాలో ఉన్నాయి. లెక్కల మేడం సందు పక్కన చివరి బెంచీలో కూర్చుని ఉంది. పీరియడ్ పదీ పదిహేనుకు ముగిసింది.

ఆ రోజు పరిశీలన పత్రం మీద పాఠం సంఖ్య 2. మొదటి వ్యాఖ్య: 'బోర్డు మీది అక్షరాలు చివరి బెంచీకి కనబడడం లేదు.'